ఎరుకా? అలవాటా? – మా అమ్మమ్మ బీపీ మాత్ర కథ

మా అమ్మమ్మకి ఎనభై మూడేళ్ళు. ఉండేది నరసాపురంలో. కిందటి వేసవి దాకా ఆవిడ గురించి ఎవరు అడిగినా నేను చెప్పే మాట ఒకటే: “ఆవిడ జ్ఞాపకశక్తి ముందు మనమెందుకూ పనికిరామండీ.” సాక్ష్యం కూడా నా దగ్గరే ఉండేది. ఆదివారం పొద్దున్న ఫోన్ చేసి “అమ్మమ్మా, ఒక పద్యం” అంటే చాలు, గజేంద్రమోక్షం అందుకునేది. ఒకదాని వెనక ఒకటి, ఊపిరి తీసుకోడానికి తప్ప మధ్యలో ఆగేది కాదు. అది అయ్యాక పాండవోద్యోగం. ఆ నాటకం పద్యాలు ఆవిడ పుస్తకం చూసి నేర్చుకున్నవి కావు, చిన్నప్పుడు పందిట్లో చాప మీద కూచుని విని విని పట్టుబడినవి. నాకేమో కొత్త పాస్‌వర్డు పెట్టుకుంటే సోమవారం ఆఫీసుకెళ్ళేసరికి గుర్తుండదు.

అందుకే మా మావయ్య “అమ్మకి కాస్త మతిమరుపు వస్తున్నట్టుందిరా, ఓసారి డాక్టరుకి చూపిద్దాం” అన్నప్పుడు నవ్వేశాను. “భలేవాడివి మావయ్యా, మొన్ననే నాకు అరగంట పద్యాలు చెప్పింది” అన్నాను. ఇంట్లో నలుగురూ కూడా నా మాటే అన్నారు. ఆ విషయం అక్కడితో ఆగిపోయింది.

రెండు నెలల తరవాత ఆవిడ పెరట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. ఎముకలేవీ విరగలేదు, అదొక్కటే అదృష్టం. పక్కింటి పిన్నిగారు మాత్రల షీట్లు ముందేసుకుని లెక్కపెట్టారు. ఉండాల్సిన వాటికంటే తొమ్మిది బీపీ మాత్రలు తక్కువున్నాయి. పొద్దున్న కాఫీ అయ్యాక ఒకటి వేసుకోవడం, కాసేపయ్యాక వేసుకున్న సంగతి మర్చిపోయి ఇంకోటి వేసుకోవడం. ఇలా కనీసం తొమ్మిది రోజులు జరిగింది. పద్యాలు మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

నేను రాత్రికి రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మర్నాడు భీమవరంలో ఒక డాక్టరుగారి దగ్గరికి తీసికెళ్ళాం. ఆయన మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నారు. తరవాత వారాల పేర్లు చెప్పమన్నారు. ఆదివారం నుంచి శనివారం దాకా పాటలా చెప్పేసింది. “ఇప్పుడు వెనక్కి చెప్పండమ్మా” అన్నారు. “శనివారం...” అని ఆగింది. “శనివారం, శుక్రవారం...” మళ్ళీ ఆగింది. “శుక్రవారం, శనివారం, ఆదివారం, సోమవారం” అని హాయిగా కిందికి జారిపోయింది. ఇందాక చెప్పిన మూడు మాటలేంటి అంటే, “మీరు నాకేమీ చెప్పలేదు కదండీ” అంది ఎంతో మర్యాదగా. ఆవిడ అబద్ధం ఆడట్లేదు. మా అందరి మొహాలు చూసి కంగారుపడి, తన జ్ఞాపకశక్తి రుజువు చేసుకోడానికి ఒక పద్యం మొదలుపెట్టింది. డాక్టరుగారు చివరిదాకా విన్నారు. తరవాత నాతో ఒక్క మాటన్నారు: “ఆవిడ గుర్తు తెచ్చుకుని చెప్పట్లేదండీ, అదే వస్తోంది.”

ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే మన తెలుగులో ఈ తేడా ఎప్పుడూ నోట్లో ఉండేదే. ఈత “వచ్చు”, సైకిలు “వచ్చు”, సుమతీ శతకం నోటికి “వచ్చు”. కానీ పెళ్ళిరోజు “గుర్తుంది”, నిన్న తిన్న కూర “గుర్తుంది”. ఈత గుర్తుంది అని ఎవరూ అనరు. నిన్నటి కూర నాకు వచ్చు అంటే దాని అర్థమే వేరు :) రెండు మాటలున్నా రెండూ ఒకటే సరుకు అనుకుని, ఒకదాన్ని చూపించి రెండోదానికి సర్టిఫికెట్ ఇచ్చేశాను. ఇంటికొచ్చాక ఈ రెంటినీ ఎవరు, ఎప్పుడు, ఎలా విడదీశారో వెతుక్కుంటూ కూచున్నాను. ఇది నా రంగం కాదు, అయినా దీని చరిత్ర చాలా బావుంది. అందులో ఒక మలుపు దగ్గర మాత్రం మన గోదావరి జిల్లాల అవధాన సభ గుర్తొచ్చి ఆగిపోయాను.

ఈ వ్యాసంలో మొదటిదాన్ని “అలవాటు” అంటాను, రెండోదాన్ని “ఎరుక” అంటాను. సైకాలజీ వాళ్ళ మాటలు ఇంకా బరువైనవి, వాటితో మనకి పనిలేదు.

మొదలు జర్మనీలో. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన జ్ఞాపకం మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. అర్థంలేని అక్షరాల గుంపులు తనే తయారుచేసుకుని, తనే బట్టీపట్టి, తనే మర్చిపోయి, మళ్ళీ బట్టీపట్టేవాడు. ప్రయోగశాలా ఆయనే, ఎలుకా ఆయనే. మనవాళ్ళు ఎక్కువగా చెప్పుకునేది ఆయన గీసిన మరుపు గ్రాఫు గురించి. నాకు నచ్చింది వేరే. ఒక్క ముక్క కూడా గుర్తులేదు అనిపించిన జాబితాని రెండోసారి నేర్చుకుంటే తక్కువసార్లలో వచ్చేస్తోందని గమనించి, ఆ మిగులుని లెక్కకట్టాడు. అంటే మనకి తెలియకుండా లోపల ఏదో మిగిలే ఉంది. తలుచుకుంటే దొరికే జ్ఞాపకం, తలవకుండా వచ్చే జ్ఞాపకం, అసలు పైకి తేలకుండానే పనిచేసే జ్ఞాపకం అని ఆయన అప్పుడే వేరుచేసి చెప్పాడు.

తరవాతి కథ జెనీవాలో. ఎడ్వార్ క్లపరేడ్ అనే వైద్యుడి దగ్గర ఒక రోగి ఉండేది. కోర్సకాఫ్ జబ్బు, కొత్త విషయమేదీ నిలిచేది కాదు. డాక్టరుని రోజూ కొత్తగా పరిచయం చేసుకునేది. ఆయన ఒకరోజు వేళ్ళ మధ్య గుండుసూది దాచుకుని కరచాలనం చేశాడు. గుచ్చుకుంది, కాసేపటికి మర్చిపోయింది. మళ్ళీ చెయ్యి చాపితే మాత్రం చటుక్కున వెనక్కి లాక్కుంది. ఎందుకమ్మా అంటే కారణం చెప్పలేకపోయింది. గుచ్చి గుచ్చి అడిగితే, చేతుల్లో ఒక్కోసారి సూదులుంటాయేమో కదా అన్నట్టు మాట్లాడింది. తనకే గుచ్చుకుందని మాత్రం తెలియదు. 1911లో అచ్చయిన ఈ ముచ్చట ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. (ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ కూడా ఆ గుండుసూదిని ఒప్పుకోదు.)

ఇంకో నలభై ఏళ్ళకి అమెరికాలో హెన్రీ మొలైసన్. బతికున్నన్నాళ్ళూ పరిశోధన పత్రాల్లో ఆయనకి పేరు లేదు, రెండు పొడి అక్షరాలే. మూర్ఛలు తగ్గించాలని 1953లో విలియం స్కోవిల్ అనే సర్జన్ మెదడులో రెండువైపులా హిప్పోకాంపస్ చాలావరకు తీసేశాడు. మూర్ఛలు తగ్గాయి గానీ, ఆ రోజు నుంచి కొత్త జ్ఞాపకం కట్టడం ఆగిపోయింది. అప్పటికి ఆయన వయసు 27. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన చేత ఒక నక్షత్రం బొమ్మ గీతల వెంబడి పెన్సిల్ పోనిమ్మంది. కాగితం నేరుగా కనపడదు, అద్దంలో మాత్రమే కనిపిస్తుంది. మొదట్లో మనలాగే గీతలు దాటిపోయాడు. మూడు రోజుల్లో చెయ్యి తీరిపోయింది. ఆ పని ఇంతకు ముందు చేసినట్టు మాత్రం ఆయనకి తెలీదు. చేతికి తెలుసు, మనిషికి తెలీదు. 2008లో చనిపోయాకే ఆయన పేరు లోకానికి తెలిసింది.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ వేళ్ళు కళ్ళముందు ఆడాయి. నరసాపురం అంటే తెలియనివాళ్ళకి కూడా నరసాపురం లేసు తెలుసు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ చుట్టుపక్కలకి వచ్చిన క్రోషే అల్లిక, తరవాత ఊళ్ళకి ఊళ్ళు పాకింది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మమ్మ లేసు అల్లేటప్పుడు చేతులవైపు చూసేది కాదు. వాకిట్లో కూచుని వీధిలో పోయేవాళ్ళని పలకరిస్తూ, మధ్యమధ్యలో మమ్మల్ని తిడుతూ, కొక్కెం సూది తన దారిన తను పోతూనే ఉండేది.

ఇక్కడ చిన్న పిట్టకథ. మరియా మీస్ అనే జర్మన్ సామాజికశాస్త్రవేత్త నరసాపురం లేసు కార్మికుల మీద 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఈ సరుకు ప్రపంచ మార్కెట్‌కి పోతోంది, అల్లేవాళ్ళని మాత్రం “గృహిణులు” అనీ, అది తీరిక వేళ కాలక్షేపం అనీ చెప్పి కూలి అడుక్కి తొక్కేశారు అని ఆవిడ వాదన. నాకిప్పుడు అందులో ఇంకో సంగతి కనిపిస్తోంది. కబుర్లు చెప్పుకుంటూ చెయ్యగలిగే పని కాబట్టి అది పనే కాదని అందరికీ అనిపించింది. చెయ్యి అంత తేలిగ్గా ఆడాలంటే వెనక ఎన్నేళ్ళు అల్లి ఉండాలో ఎవరూ లెక్కేసుకోలేదు. అలవాటైన నేర్పుకి కూలి తక్కువ. మన ఫీల్డులో కూడా పదిహేనేళ్ళ అనుభవంతో పది నిమిషాల్లో బగ్ పట్టేసినవాడిని, “పది నిమిషాల పనేగా” అనే మేనేజర్లున్నారు లెండి. సరే, అసలు విషయానికొద్దాం.

మొలైసన్ తరవాత ఒక పరిశోధనా పరంపర మొదలైంది. ఇంగ్లండులో ఎలిజబెత్ వారింగ్టన్, లారెన్స్ వైస్క్రాంట్జ్ 1968లోనూ 1970లోనూ, మతిపోయిన రోగులకి ముక్కలుముక్కలుగా ఉన్న బొమ్మలు, సగం మాటలు చూపించారు. ఏం చూశారో గుర్తులేదు అంటూనే వాళ్ళు ఆ సగం మాటల్ని తాము చూసిన మాటలతోనే పూర్తిచేశారు. 1984లో గ్రాఫ్, స్క్వైర్, మాండ్లర్ ఇంకో మెలిక కనిపెట్టారు. అదే సగం మాట ఇచ్చి “ఇందాకటి జాబితాలోది గుర్తుచేసుకుని పూర్తిచెయ్యి” అంటే రోగులు వెనకబడ్డారు. “మొదట తట్టిన మాట రాసెయ్” అంటే మామూలువాళ్ళతో సమానంగా చేశారు. కాగితం అదే, మాట అదే, మారింది సూచన ఒక్కటే. ఏడాది తిరిగేసరికి గ్రాఫ్, షాక్టర్ ఈ రెంటికీ శాస్త్రీయమైన పేర్లు పెట్టేశారు.

ఇక కథ ముగిసిందనే అందరూ అనుకున్నారు. ఒక పరీక్ష ఎరుకని కొలుస్తుంది, ఇంకో పరీక్ష అలవాటుని కొలుస్తుంది, కావాల్సింది వాడుకోవడమే. కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ఉన్న లారీ జాకోబీకి మాత్రం ఇది నచ్చలేదు. ఆయన అభ్యంతరం చాలా సాదా. పరీక్షకి పేరు పెట్టినంత మాత్రాన లోపల జరిగేది ఆ పేరుకి కట్టుబడి ఉండదు. “మొదట తట్టింది రాయి” అన్నప్పుడు కూడా ఒకడు జాబితా గుర్తుచేసుకుని రాయొచ్చు. “గుర్తుచేసుకుని రాయి” అన్నప్పుడు ఇంకొకడికి అలవాటుగా చేతికొచ్చింది రాసి, గుర్తుచేసుకున్నాననే అనుకోవచ్చు. ఏ పరీక్షా స్వచ్ఛమైన బంగారం కాదు. అన్నిట్లోనూ రాగి కలుస్తుంది.

అప్పటికే ఆయన బృందం 1989లో ఒక సరదా ప్రయోగం చేసింది. ఊరూపేరూ లేనివాళ్ళ పేర్లు కొన్ని చదివించారు. వెంటనే “వీళ్ళలో ప్రసిద్ధులెవరు?” అంటే, ఇందాక చదివిన పేరే కదా, ప్రసిద్ధుడు కాదు అని కొట్టేశారు. ఒక రోజు ఆగి అడిగితే, ఆ అనామకుల్లో కొందరు ప్రసిద్ధులైపోయారు. పేరు ఎక్కడో విన్నట్టుంది, ఎక్కడో గుర్తులేదు, అయితే గొప్పవాడే అయ్యుంటాడు! అందులో ఒక అనామకుడు సెబాస్టియన్ వైస్‌డార్ఫ్ ఈ ప్రయోగం పుణ్యమా అని సైకాలజీలో నిజంగానే ప్రసిద్ధుడైపోయాడు. వాట్సాప్‌లో ఒకే పుకారు నాలుగు గ్రూపుల్లోంచి వచ్చేసరికి “ఏదో విన్నానండీ, నిజమే అయ్యుంటుంది” అనే మా బాబాయి ఈ ప్రయోగంలో పాల్గొనకుండానే ఫలితం రుజువు చేస్తుంటాడు.

ఆ ప్రయోగంలో ఉన్న కిటుకుని పట్టుకుని జాకోబీ 1991లో ఒక పద్ధతి ప్రతిపాదించాడు. ఎరుకనీ అలవాటునీ ఒకే పక్క నిలబెడితే ఎవరు ఎంత మోస్తున్నారో తెలీదు. ఇద్దరు కలిసి బస్తా ఎత్తితే ఎవరి బలం ఎంతో ఎలా చెప్తాం? ఒకసారి ఇద్దర్నీ ఒకే పక్క ఎత్తమనాలి, ఇంకోసారి ఎదురెదురుగా తాడు లాగించాలి. రెండు ఫలితాల తేడాలో జవాబుంది.

తెలుగులో ఒక ఉదాహరణ వేసుకుందాం. మీకు ఒక జాబితా చూపించాను. అందులో “గోదాము” అనే మాట ఉంది. కాసేపాగి “గోదా__” అని ఇచ్చి పూరించమన్నాను. మొదటి పద్ధతి: జాబితాలోని మాటతో పూరించండి, గుర్తురాకపోతే ఏది తడితే అది రాయండి. ఇక్కడ ఎరుక ఉన్నా గోదామే, ఎరుక లేకపోయినా అలవాటుగా తడితే గోదామే. రెండో పద్ధతి: జాబితాలో ఉన్న మాట రాయకూడదు, వేరేది రాయండి. ఎరుక ఉన్నవాడు గోదాముని పక్కనపెట్టి గోదావరి రాస్తాడు. ఈసారి కూడా గోదాము రాశాడంటే, ఆ మాట వాడి నోట్లోకి వచ్చింది, ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం వాడికి తెలీదు. (నరసాపురం వాళ్ళ మీద ఈ ప్రయోగం చెయ్యకండి. జాబితాలో ఏమున్నా మేం గోదావరే రాస్తాం.)

ఇప్పుడు లెక్క. అంకెలు నావే, అర్థమవడం కోసం. మొదటి పద్ధతిలో వందకి 60 సార్లు గోదాము వచ్చింది. రెండో పద్ధతిలో, వద్దన్నా, 30 సార్లు వచ్చింది. తేడా 30. వద్దన్నప్పుడు ఆపగలిగింది ఎరుక ఒక్కటే కాబట్టి ఈ 30 ఎరుక వాటా. మిగిలిన 70 సార్లు ఎరుక లేదు. అందులో 30 సార్లు అలవాటుగా గోదాము వచ్చింది కాబట్టి అలవాటు బలం 70లో 30, అంటే దాదాపు 43 శాతం. జాబితా చూడనివాళ్ళు కూడా ఊరికే గోదాము రాస్తారు కాబట్టి ఆ వాటా ఎంతో విడిగా చూసుకోవాలి. అంతే! రెండు సమీకరణాలు, రెండు అజ్ఞాతాలు, మన తొమ్మిదో తరగతి లెక్క. 1993లో జాకోబీ, టోత్, యోనెలినస్ కలిసి చేసిన ప్రయోగంలో, జాబితా చదివేటప్పుడు కొందరికి పక్కన ఇంకో పని పెట్టి ధ్యాస చెదరగొట్టారు. వాళ్ళలో ఎరుక వాటా దాదాపు సున్నాకి పడిపోయింది. అలవాటు వాటా మాత్రం చెక్కుచెదరలేదు. రెండూ వేరువేరు సరుకులనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అప్పటిదాకా లేదు.

ఈ రెండో పద్ధతి దగ్గరే నాకు అవధానం గుర్తొచ్చింది. చిన్నప్పుడు వేసవి సెలవల్లో నరసాపురం వెళ్ళినప్పుడు తాతగారితో ఒక గుడి మండపంలో అష్టావధానం చూశాను. ఏమీ అర్థం కాలేదు గానీ ఒక్క అంశం మాత్రం క్రికెట్ మ్యాచ్‌లా పట్టుకుంది. నిషిద్ధాక్షరి. అవధాని “గో” అనగానే ఎదురుగా కూచున్న పృచ్ఛకుడు “ద వద్దు” అంటాడు. అవధాని దారి మార్చి ఇంకో అక్షరం వేస్తాడు. ఆయన మళ్ళీ అడ్డం పడతాడు. పృచ్ఛకుడి పనల్లా తరవాత సహజంగా ఏ అక్షరం వస్తుందో ముందే పసిగట్టి ఆ తలుపు మూసెయ్యడం. అంటే అలవాటు ఎటు పోతుందో కనిపెట్టి దాని ఎదురుగా నిలబడడం. అలా నిలబడకపోతే, గడగడా పద్యం చెప్పే మనిషి ఆలోచించి చెప్తున్నాడో, ధారగా వచ్చేస్తోందో సభకి తెలిసే దారి లేదు.

ధార అన్నాను కదా, అవధానుల మెచ్చుకోలుకి పాతకాలం నుంచీ రెండు మాటలున్నాయి: ధార, ధారణ. పద్యం తడుముకోకుండా రావడం ధార. నాలుగు ఆవృత్తుల్లో, మధ్యలో గంటలూ అప్రస్తుత ప్రసంగాలూ భరిస్తూ చెప్పిన పద్యాలన్నిటినీ చివర్లో వరసగా అప్పజెప్పడం ధారణ. ఈ విద్యని 1890ల నుంచి ఊరూరా తిప్పి జనంలోకి తెచ్చిన తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రిది భీమవరం దగ్గరి యండగండి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిది తూర్పుగోదావరి కడియం. మా అమ్మమ్మకి నోటికొచ్చిన పాండవోద్యోగం పద్యాలు కూడా వాళ్ళవే. ఆవిడకి ఆ సంగతి తెలుసో లేదో నాకు అనుమానమే. అడిగితే “నాటకంలోవిరా” అంటుంది.

ఇది చదివి, చూశారా మనవాళ్ళు వందేళ్ళ కిందే కనిపెట్టేశారు అని ఎవరూ మెయిల్ ఫార్వర్డ్ చెయ్యకండి, దణ్ణం పెడతాను. పోలిక కొంతదూరమే వస్తుంది. నిషిద్ధాక్షరిలో ఏది వద్దో పృచ్ఛకుడు పైకి చెప్తాడు. జాకోబీ పరీక్షలో ఏది వద్దో ఎవరూ చెప్పరు, అదే గుర్తుకు రావాలి. పైగా అవధానంలో ఎవరూ వందకి ఇన్నిసార్లు అని లెక్క రాయలేదు. వాళ్ళకి కావాల్సింది రక్తికట్టే సభ, కొలత కాదు. ఇంకో చిక్కుంది. ధారణ కూడా పూర్తిగా ఎరుక కాదు. అవధాని తన పద్యంలో ఒక మాట మర్చిపోతే యతి, ప్రాస, గణం కలిసి ఆ ఖాళీలో పట్టే మాటలు ఏ రెండో మూడో అని తేల్చేస్తాయి. ఛందస్సే సగం మాట అందిస్తుంది, అచ్చం “గోదా__” లాగా. సరిగ్గా అప్పజెప్పాడంటే గుర్తుండి చెప్పాడా, అప్పటికప్పుడు మళ్ళీ కట్టాడా? జాకోబీ అడిగిన ప్రశ్నే.

రేవులో పంటి ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి కోనసీమ. అక్కడి వేదపండితులు ఒకే వాక్యాన్ని క్రమం, జట, ఘన అని ముందుకీ వెనక్కీ తిప్పి వల్లిస్తారు. జటలో ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు. ఒకేలాంటి రెండు చోట్ల ఒకదాన్నుంచి ఇంకోదానికి నోరు జారిపోకుండా ఇది మంచి చెక్‌సమ్. డాక్టరుగారు వారాలు వెనక్కి చెప్పమన్నది ఇలాంటి కారణానికే. అయితే ఏళ్ళ తరబడి వల్లిస్తే వెనక్కి చెప్పడం కూడా నోటికి వచ్చేస్తుంది! అలవాటుకి అడ్డం పెట్టిన గోడ కూడా కొన్నాళ్ళకి అలవాటే.

జాకోబీ మీద విమర్శలు రాకపోలేదు. ఆయన లెక్కంతా ఒక ఊహ మీద నిలబడింది, ఎరుక ఉండడానికీ అలవాటు ఉండడానికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదని. నిజంగా ఆ రెండూ కలిసి పెరిగి కలిసి తగ్గేవైతే అలవాటు వాటా తప్పుగా వస్తుంది. జూర్డెన్స్, మెరికిల్ 1993లోనూ, కర్రన్, హింట్జ్‌మన్ 1995లోనూ ఇదే ఎత్తిచూపారు. ఆ గొడవ చాలా ఏళ్ళు నడిచింది. చదివినంతలో నాకనిపించింది ఇది: 43 శాతం అనే అంకెని నేను నమ్మను, కానీ ఎదురెదురుగా నిలబెట్టి చూడు అన్న సలహాని నమ్ముతాను. అంకె తప్పినా ఆ సలహా తప్పదు.

ఎందుకు నమ్ముతానంటే, జనీన్ హే అనే ఆవిడతో కలిసి జాకోబీ 1996లో చేసిన ప్రయోగం చదివాక మా ఇంటి బీపీ మాత్ర నాకు అర్థమైంది. వాళ్ళు ముందు కొన్ని మాటల జంటలు అలవాటు చేశారు. ఒక మాటకి ఒక జోడీ నూటికి 75 సార్లు, ఇంకో జోడీ 25 సార్లు. తరవాత చిన్న జాబితా ఇచ్చి, ఇప్పుడు ఈ జాబితాలో ఏ జోడీ చూశారో చెప్పండి అన్నారు. జాబితాలో 75 వాటా జోడీయే ఉంటే సరిగ్గా చెప్పేవాళ్ళు. అయితే గుర్తుండి చెప్పారో అలవాటుగా చెప్పారో తెలీదు. 25 వాటా జోడీ ఉన్నప్పుడే అసలు రంగు బయటపడేది, గుర్తులేనివాళ్ళు అలవాటు జోడీ చెప్పేసేవాళ్ళు. 1999లో వయసుమళ్ళినవాళ్ళ మీద ఇదే చేస్తే, అలవాటు కుర్రాళ్ళతో సమానం, తగ్గింది ఎరుక ఒక్కటే.

ఇప్పుడు అమ్మమ్మని చూడండి. “కాఫీ అయ్యాక మాత్ర” అనేది పదేళ్ళ అలవాటు. వేసుకోని రోజున ఎరుకా అలవాటూ ఒకే పక్క, మాత్ర వేసుకుంటుంది, అంతా బావుంటుంది. వేసుకున్న అరగంటకి షీటు కంటబడితే అలవాటు “వేసుకో” అంటుంది. “ఇందాకే వేసుకున్నావుగా” అని ఆపాల్సింది ఎరుక. అది నోరు మెదపలేదు. ఇది సాక్షాత్తూ రెండో పద్ధతి పరీక్ష, రోజూ పొద్దున్నే, మా వంటింట్లో. మన భాషలో అయితే, రిక్వెస్టు వెళ్ళిందో లేదో లాగ్ లేదు, సిస్టమ్ రీట్రై చేసింది. మాత్ర మింగడం ఐడెంపోటెంట్ కాదు.

నేను ఫోన్లో పెట్టిన పరీక్షలన్నీ మొదటి పద్ధతివే. పద్యం అడిగాను, ఎప్పుడూ చెప్పే పద్యమే. పాత కథలు అడిగాను, వందసార్లు చెప్పిన కథలే. “భోంచేశావా?” అంటే “చేశాను నాన్నా” అనేది, ఎవరికైనా ఎప్పుడైనా చెప్పే జవాబే. “ఏం కూర?” అని ఒక్కసారి కూడా అడగలేదు. మా మావయ్యకి అనుమానం వచ్చింది కూడా అక్కడే. ఒకరోజు కూర ఏమిటంటే వంకాయ అందిట, గిన్నెలో ఉన్నది బీరకాయట. ఆయన సైకాలజీ చదవలేదు, పదో తరగతి దాకా చదివి చేపల చెరువులు చూసుకుంటున్నాడు. నేను ఇంజనీర్ని కాబట్టి నా మాట నెగ్గింది.

పడిపోయిన తరవాత మొదటి వారం మేం ఇంకో పొరపాటు చేశాం. గంటగంటకీ “అమ్మమ్మా, మాత్ర వేసేసుకున్నావు, మళ్ళీ వేసుకోకు” అని చెప్పేవాళ్ళం. జాకోబీదే 1999 నాటి ఇంకో పరిశోధన ఉంది. ఒక మాటని ఎక్కువసార్లు చదివిస్తే, అది ఎక్కడ చదివారో గుర్తుపట్టడంలో కుర్రాళ్ళు మెరుగవుతారు. పెద్దవాళ్ళు ఇంకా ఎక్కువ తికమకపడతారు, ఎందుకంటే మాట పరిచయం పెరుగుతుంది గానీ ఎక్కడిదన్న ఎరుక పెరగదు. మేం ఎన్నిసార్లు మాత్ర మాత్ర అన్నామో అన్నిసార్లు ఆవిడ లేచి మాత్రల కోసం వెళ్ళేది.

ఇప్పుడు ఏడు గదుల డబ్బా కొన్నాం. పక్కింటి పిన్నిగారు ఆదివారం నింపి తన దగ్గరే పెట్టుకుంటారు, రోజుకి ఒక్క మాత్ర తెచ్చి ఇస్తారు. దాన్ని మొదట మంచం పక్కన పెట్టాం. అమ్మమ్మ అటు చూసేదే కాదు, ఫ్రిజ్ మీద పాత బిస్కెట్ డబ్బా దగ్గరికే వెళ్ళేది. చివరికి ఆ ఒక్క మాత్రనీ ఆ బిస్కెట్ డబ్బాలోనే పెట్టడం మొదలుపెట్టాం. రెండోసారి వెళ్ళినా డబ్బా ఖాళీ. “అయిపోయాయిరా, తెప్పించాలి” అంటుంది. “తెప్పిస్తాం అమ్మమ్మా” అంటాం. రోజుకి మూడుసార్లు.

పోయిన నెల వెళ్ళినప్పుడు అటక మీంచి పాత లేసు సంచి దింపాను. సగం అల్లి వదిలేసిన గుండ్రటి ముక్క ఒకటి, దారపు ఉండ, సూది ఉన్నాయి. ఎప్పుడు మొదలుపెట్టావంటే తెలీదంది. ఎవరికోసం అంటే తెలీదంది. అసలు ఇది నాది కాదేమో అంది. అంటూనే సూది చేతిలోకి తీసుకుంది. నాలుగైదు వరసలు చకచకా అల్లింది, నాతో మాట్లాడుతూనే, “ఎప్పుడొచ్చావురా” అని మూడోసారి అడుగుతూనే. ఉన్నట్టుండి ఆగింది. ముక్కని వెలుతురుకి ఎత్తి చూసింది. కింద రెండు వరసల ముందు ఎక్కడో ఒక ముడి తప్పిందిట. నాకు ఎంత చూసినా కనపడలేదు. దారం లాగి ఆ రెండు వరసలూ విప్పేసి, మళ్ళీ అక్కణ్ణుంచి మొదలుపెట్టింది.

అలవాటైతే ముందుకి పోవాలి గదా, ఆగి వెనక్కెలా వచ్చింది? తిరుగు రైల్లో రెండు సమీకరణాలూ కాగితం మీద వేసుకుని చాలాసేపు చూశాను. నిడదవోలు దాటేదాకా తేలలేదు.